దవడపన్నుకి తెల్ల సిమెంటు

ముప్పైరెండు పళ్లలో ఒక్కటి చాలండి, మనిషిని ముంచడానికి. నన్ను ముంచింది నా కుడి దవడపన్ను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది!

ఎనభైల మొదట్లో మాట. రామచంద్రపురంలో మాది ధాన్యం వ్యాపారం. తేమ చూడ్డానికి అప్పట్లో మాకు మిషన్లెక్కడివి? గింజని దవడపన్ను కింద పెట్టి కొరకడమే. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే పచ్చిదన్నట్టు.

"ఈసారి సరుకు నువ్వే కొను. సరిగ్గా కొన్నావా, కొట్టు నీది. లేదా, కాటా దగ్గరే నీ బతుకు," అన్నారు నాన్న.

సరిగ్గా అప్పుడే నా పన్ను పుచ్చి చచ్చింది. రాజమండ్రి పరిగెత్తాను.

"పుచ్చు తీసి వెండిరంగు సిమెంటు పెడతానండి, ఏళ్లతరబడి ఉంటుంది," అన్నాడు పళ్ల డాక్టరు.

"ఛీ! పెళ్లికావలసినవాణ్ణి. పన్ను రంగుదే పెట్టండి!"

"దవడపన్ను ఎవరు చూస్తారండీ? పెళ్లిచూపుల్లో ఆవులిస్తారా ఏంటి? నమిలే పన్ను మీద తెల్లది ఎక్కువకాలం ఆగదండి."

"మీరు పెట్టండి, నేను ఆపుకుంటాను!"

చూశారా తెలివి? పన్నేమైనా ఏడుపా, ఆపుకోడానికి!

ఆ వారమే ఓ రైతు కళ్లంలో, పదిమంది ముందు, గింజ నోట్లో వేసుకుని కొరికాను. టక్! అబ్బ, ఏం మోత! పొట్టుతోపాటు తెల్లముక్కేదో నాలుకకి తగిలింది. నూకే కదా అని ఉమ్మేశాను.

"రాయిలా ఎండిందయ్యా!" అన్నాను.

"అవునాండీ!" అన్నాడు రైతు. ఆశ్చర్యపోయింది నాకన్నా అతనే. "మొన్న వానకి తడిసిందేమో అనుకున్నానండి. తమరు కొరికాక ఇంకేముందండి!"

బస్తాలన్నీ గోదాంలో పడ్డాయి. కొన్నాళ్లకి తలుపు తీస్తే గుప్పుమని ఆవిరి, లోపల పచ్చగా మొలకలు. నాన్న గుమ్మంలోనే చతికిలబడ్డారు.

"కొరికావట్రా అసలు?"

"కొరికాను నాన్నా! టక్కుమంది!"

"ఏ పన్నుతో?"

నాలుకతో తడిమాను. పన్నులో సిమెంటు ఉండాల్సినచోట గొయ్యి ఉంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు పన్నుకి మందేస్తే కొట్టే ఊడింది! ఆ డాక్టరు మీద అంతెత్తున లేచాను.

"చెప్పాను కదండీ," అన్నాడాయన తాపీగా. "వెండిరంగుదైతే ఊడినా నూకల్లో కలిసిపోదండి."

నోరు మూసుకుందామంటే మూయనివ్వలేదు, వెండిరంగుది పెట్టేదాకా.

కాటా దగ్గర నిలబడి ఆనాడే ఒట్టేసుకున్నాను: టక్కుమన్నది గింజో పన్నో తేలేదాకా, ఈ జన్మలో బేరం కుదర్చను!