మెస్సులో సాక్షి సంతకం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను గోపన్‌పల్లిలో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. హైటెక్ సిటీలో ఉద్యోగం. మాది గుంటూరు వైపు. మా వీధి చివరి మెస్సులోనే నా తిండంతా. దాన్ని నడిపే ఆవిడ పాలమూరు నుంచి వచ్చింది. నేను అక్కా అనేదాన్ని. నేను ఎక్కడిదాన్నో ఆమెకు తెలుసు. "గుంటూరు పిల్లవై గింత కారానికే పెరుగు అడుగుతవా?" అని నవ్వేది తప్ప ఆ మాట ఇంకో రకంగా ఎత్తలేదు.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటా వార్పు జరిగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, బండ్లు ఆపి, అక్కడే కూర్చుని తినడం ఆ నిరసన. అక్క తన పెద్ద గిన్నెలన్నీ ఇచ్చింది. తనే నిలబడి పప్పు వండింది.

మర్నాడు మధ్యాహ్నం మెస్సు ముందు వ్యాన్ ఆగింది. ఆ వారం నాది రాత్రి షిఫ్టు కాబట్టి నేను అక్కడే తింటున్నాను. దిగినాయన ఆహార తనిఖీ అధికారి. వెంట ఇద్దరు మనుషులు. తిండి బాగుండడం లేదని ఫిర్యాదు వచ్చిందన్నాడు. ఆ ఇద్దరూ వంటగదిలోకి వెళ్ళి, బియ్యం జోలికి గానీ నూనె జోలికి గానీ పోకుండా, ముందు పెద్ద గిన్నెలు మోసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టారు.

"తిండిల ఏం ఖరాబున్నదో సూపెట్టు సార్," అంది అక్క.

"అది ల్యాబ్ చెబుతుంది. ఇక్కడున్నది ఏదైనా స్వాధీనం చేసుకునే అధికారం నాకుంది."

ఆయనకు సాక్షి కావాలి. తింటున్న మేస్త్రీలనూ సెక్యూరిటీ గార్డునూ దాటుకుని వచ్చి, పొద్దున షిఫ్టు దిగాక నేను తీయడం మరిచిన ఆఫీసు కార్డు మెడలో చూసి, నా ముందు కాగితం పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం."

ఎడమ చేత్తో తీసుకుని చదివాను. సాక్షి ఎదుట నూనె, కందిపప్పు శాంపిల్ తీసి సీలు వేశామని ఉంది. ఇంకా ఎవరూ ఏమీ తీయలేదు. తిండిలో లోపమేంటో రాయాల్సిన చోట ఖాళీ. గిన్నెల మాటే లేదు.

"శాంపిల్ ఎప్పుడు తీశారండి?"

"తీస్తామండి. ముందు మీరు సంతకం పెట్టండి."

"తీశాక పెడతాను."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "మీది ఏ ఊరండి?" చెప్పాను. గొంతు తగ్గించాడు. "మరి వీళ్ళ గొడవ మీకెందుకండీ? నిన్న రోడ్డు మీద ఏం చేశారో చూశారుగా."

ఫిర్యాదు దేని మీదో అప్పుడు అర్థమైంది. మా కంపెనీకి ఫోన్ చేస్తాడేమోనని భయం. అయినా నోరు ఆగలేదు. "చూశానండి. ఆ పప్పు నేనూ తిన్నాను. నాకేమీ కాలేదు."

అక్క వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తిండి తీస్కపో సార్, పరీక్ష చేయించుకో. నేనొద్దంటలేను. గిన్నెలెందుకు తీస్కపోతున్నవో మాత్రం గా కాయితంల రాయి. రాస్తె నేనే మోసి బండిల పెడ్త."

ఆయన పెన్ను తీశాడు గానీ రాయలేదు. గార్డు ఎంగిలి చేత్తోనే లేచాడు. "సాక్షిగ నా పేరు రాయి సార్. గిన్నెలు బండిల ఉన్నయని గూడ రాయి." మేస్త్రీలు కూడా లేచి నిలబడ్డారు.

ఆయన సైగ చేస్తే ఆ ఇద్దరూ గిన్నెలు మళ్ళీ లోపల పెట్టారు. ఆ తర్వాత ఆయన తన పని పద్ధతిగానే చేశాడు. నూనె, పప్పు నాలుగేసి భాగాలు చేసి సీలు వేశాడు. ఒక మూల శనగపిండి సంచిలో పురుగు కనిపించింది. "అది నిజమే, తీస్కపో," అంది అక్క. ఆ సంచి స్వాధీనమైంది. అన్నీ రాశాక, 'గిన్నెలు తీసుకెళ్ళలేదు' అని కింద నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

ఆ రాత్రి ఆఫీసులో కొత్త ఆహార చట్టం వెతికి చదివాను. తప్పుగా ఉందనిపించిన తిండిని పట్టుకునే హక్కు ఆయనకుంది. సాక్షుల్ని పిలవాలి, వాళ్ళ సంతకం తీసుకోవాలి. కారణం లేకుండా వేధించడానికి పట్టుకుంటే ఆయనకే శిక్ష ఉంది. ఇదంతా మధ్యాహ్నమే తెలిసుంటే అంత భయపడేదాన్ని కాదు.

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. నూనె, పప్పు బాగానే ఉన్నాయని తేలింది. శనగపిండి విషయంలో మందలించి, సామాను మూతలున్న డబ్బాల్లో పెట్టమన్నారు. అక్క పెట్టింది.

ఈ సంగతి ఎలాగో మా టీమ్‌లో తెలిసింది. మా జిల్లావాడే ఒకతను టీ తాగుతూ అడిగాడు. "అసలు నువ్వు ఎటువైపు?"

"జరగనిదాన్ని జరిగిందని సంతకం పెట్టనన్నాను. అది ఎటువైపో నువ్వే చెప్పు."

ఆ రోజు నుంచి అతను నాతో టీకి రావడం మానేశాడు. నేనూ పిలవలేదు.