బీడీ కంపెనీలో భయపడ్డ రోజులు

మా మెదక్‌లో కంపెనీ అంటే ఒక్కటే. పేరు చెప్పనక్కర్లేదు. నిజాం కాలంలో ఒక సేఠు పెట్టిన బీడీ కార్ఖానా అది. మా నాన్న కంటే వయసులో పెద్దది. ఊళ్లోకి బస్సు వస్తుంటే ముందు చర్చి గోపురం కనిపించేది, ఆ తర్వాత కంపెనీ పొగాకు వాసన తగిలేది. "కంపెనీల పని చేస్తడు" అంటే చాలు, కిరాయికి ఇల్లు అడగకుండానే దొరికేది.

పొడవాటి రేకుల షెడ్లలో వందలమంది కూర్చుని బీడీలు చుట్టేవారు. ఒక పక్క బట్టీల గది ఉండేది. చుట్టిన బీడీలను అక్కడ బొగ్గుల వేడికి ఆరబెట్టేవారు. ఇంకో పక్క లేబుళ్ల హాలు. అందులో అందరం ఆడవాళ్లమే. బీడీ కట్టలకు మైదా జిగురుతో కాగితం అంటించడం మా పని. నా భర్త బట్టీల గదిలో ఉండేవాడు. పెళ్లయిన ఏడాదికి నేను లేబుళ్ల హాల్లో చేరాను. మా నాన్న మిషన్ బడిలో వడ్రంగి కావడంతో నాకు కాస్త చదువు అబ్బింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేదాన్ని.

మా హాలుకు ఒక పెద్ద దిక్కు ఉండేది. అందరం ఆమెను పెద్దక్క అనేవాళ్లం. గట్టి గొంతు, ఎవరినైనా నిలబెట్టి మాట్లాడే ధైర్యం. ఎండాకాలం హాల్లో తాగే నీళ్లు లేవని ఒకసారి ఆమె ఖాళీ కుండ తీసుకెళ్లి సేఠు బల్ల మీద పెట్టింది. ముసలి సేఠు నవ్వి, అప్పటికప్పుడు రెండు కొత్త కుండలు తెప్పించాడు. ఆయన అలాంటి మనిషి. పొద్దున్నే షెడ్లన్నీ తిరిగి, "పాణం మంచిగున్నదా బిడ్డా?" అని పేరు పేరునా అడిగేవాడు. పనికి తగ్గ కూలి ఇచ్చేవాడని చెప్పను. కానీ ఆయన ఉన్నన్నాళ్లూ ఆ గేటు లోపల మేము భయపడలేదు.

సేఠుకు పక్షవాతం వచ్చింది. హైదరాబాద్ తీసుకుపోయారు, మళ్లీ రాలేదు. వ్యవహారం అల్లుడి చేతికి పోయింది. ఆయన ఎలా ఉంటాడో మాలో ఎవరూ చూడలేదు. ఆయన పంపిన మేనేజరును మాత్రం చూశాం. సన్నటి మనిషి, తెల్ల బట్టలు, మెత్తటి చెప్పులు. వచ్చి మన వెనుక నిలబడితే తెలిసేది కాదు. ఎవరినీ తిట్టలేదు. ఏమీ అడగలేదు. చాలా రోజులు అలా తిరిగి చూశాడు, అంతే. "తిట్టేటోడైతే మంచిగుంటుండె, మనసులో ఏమున్నదో తెలుస్తుండె" అంది పెద్దక్క.

ఒక రోజు పొద్దున మేమంతా లోపలికి పోతుంటే గేటు జవాను ఒకాయనకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ముసలాయన చుట్టిన బీడీలలో మంచీ చెడూ ఏరే పనిలో జుట్టు నెరిసినవాడు. జవాను ఆయనను మామా అని పిలిచేవాడు.

"ఏంది తమ్మీ, చెయ్యి అడ్డం వెట్టినవ్?"

"నిన్ను లోపలికి ఇడవద్దన్నరు మామా."

"ఎవలన్నరు? ఎందుకు?"

"లోపల్నుంచి చెప్పిండ్రు. నాకింతే ఎర్క."

ముసలాయన నవ్వబోయాడు, జవాను తల వంచుకునే ఉన్నాడు. మేము పక్కనుంచి తప్పుకుని లోపలికి పోయాం. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఆయన రోడ్డు అవతల గోడ నీడన కూర్చుని టిఫిను విప్పి తింటున్నాడు. రోజూ తినే వేళకే.

ఆ తర్వాత వారానికి ఒకరో ఇద్దరో గేటు దగ్గర ఆగిపోయారు. దగ్గుతో బాధపడుతున్న ఒకతను, కొత్తగా బిడ్డ పుట్టిన ఒకామె, యూనియన్ మాట ఎత్తిన ఒక యువకుడు, ఏ మాటా ఎత్తని ఇంకొకతను. వీళ్లందరికీ కలిసే కారణం ఏదైనా కనిపిస్తే, అది మాలో లేకుండా చూసుకునేవాళ్లం. కనిపించలేదు. అందుకని అన్నీ దాచుకున్నాం. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లం. నా పక్కన కూర్చునే పిల్లకు కడుపు వస్తే చీర బిగించి కట్టుకుని, వాంతి వచ్చినా మింగేది. ఎవరైనా నవ్వితే అందరం ఉలిక్కిపడి తలుపు వైపు చూసేవాళ్లం.

పొద్దున గేటు దగ్గర అందరికంటే ముందు ఎవరూ ఉండేవారు కాదు, వెనుకా ఉండేవారు కాదు. గుంపు మధ్యలో దూరాలని ఒకరినొకరు తోసుకునేవాళ్లం. జవాను చేతి వైపే అందరి చూపు. ఇంట్లో నా భర్తకు పొద్దున ముద్ద దిగేది కాదు. గేటు కనిపించగానే అతని నడక నెమ్మదించేది. గేటు దాటాక ఊపిరి వదిలేవాడు. ఆ శబ్దం నాకు వినిపించేది.

ఇంతలో ఒక మాట పుట్టింది. హాల్లో అనుకున్నవన్నీ మేనేజరుకు చేరుతున్నాయని, ఎవరో లోపలి మనిషే మోస్తున్నారని. అప్పటినుంచి మాటలు పోయాయి. హాల్లో జిగురు కుంచెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒక శనివారం మేనేజరు నన్ను పిలిపించాడు. లేచి నడుస్తుంటే హాలంతా నా వీపు వైపు చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

"కూర్చోండమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. ఒక కొత్త లేబులు ఇచ్చి, దాని మీది ఇంగ్లీషు చదవమన్నాడు. చదివాను. "బాగా చదివారే" అని మెచ్చుకున్నాడు. లేబులు పక్కన పెట్టి, "మీ హాల్లో పదిమందిని కదిలించే మనిషి ఎవరు?" అని అడిగాడు.

"అందరం పని చేసేటోళ్లమే సారు."

"తొందరేం లేదు. ఆలోచించుకుని సోమవారం చెప్పండి." నేను తలుపు దాకా వచ్చాక మళ్లీ అన్నాడు. "మీ ఆయన బట్టీల గదిలోనే కదా?"

హాల్లోకి వచ్చి కూర్చున్నాను. పక్కన కూర్చునే పిల్ల తన కట్టలను నాకు దూరంగా జరుపుకుంది. పెద్దక్క తలెత్తలేదు.

ఆదివారం చర్చిలో మోకరించాను కానీ ప్రార్థన నోటికి రాలేదు. కంపెనీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు రోజూ నాతో కలిసి ఇంటికి నడిచేవాళ్లు. ఆ రోజు వేరే తలుపు నుంచి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నా భర్తకు విషయమంతా చెప్పాను. తినే కంచం పక్కకు నెట్టాడు.

"ఎవలదో ఒకల పేరు చెప్పు" అన్నాడు.

"ఎవల పేరు చెప్పాలె?"

"పెద్దక్కనే చెప్పు. ఆమె పేరు వానికి ఎర్కలేకుంట ఉంటదా? నువ్వు చెప్పినా చెప్పకున్నా ఒకటే."

"ఒకటే అయితే నన్నెందుకు అడిగిండు?"

అతను చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. "నాకు వేరే పని రాదే. బట్టీ తప్ప ఏం రాదు" అన్నాడు. చిన్నప్పటినుంచి ఆ వేడిలో పనిచేసి కళ్లు ఎర్రబడ్డ మనిషి. నాకు అతని మీద కోపం రాలేదు, అతన్ని చూస్తే భయమేసింది. మేనేజరును చూసి కూడా నేనంత భయపడలేదు.

సోమవారం హాల్లోకి పోయేదాకా ఏం చెయ్యాలో నిజంగా తెలియదు. అందరూ కుంచెలు అందుకుంటున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. "జర నా మాట వినుండ్రి" అన్నాను. శనివారం మేనేజరు అడిగిందంతా చెప్పేశాను. నా భర్త సంగతి ఎత్తి బెదిరించడం కూడా.

కుంచెలు జిగురు గిన్నెల్లోనే ఆగిపోయాయి. అయిపోయింది, ఇక్కడా చెడ్డాను, అక్కడా చెడ్డాను అనుకున్నాను. అప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల చిన్నగా అంది:

"నన్ను గూడ గదే అడిగిండక్కా. సోమవారం కాదు, వచ్చే శుక్రవారం రమ్మన్నడు."

"నన్ను గూడ" అంది వెనుక వరసలో ఒకామె. కిటికీ దగ్గరి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఒకరి తర్వాత ఒకరు. హాల్లో సగం మందిని ఏదో ఒక సాకుతో పిలిపించాడు. ప్రతి మనిషీ తననొక్కదాన్నే అడిగాడనుకుంది. ప్రతి మనిషీ దాచుకుంది.

పెద్దక్క ముఖం తుడుచుకుంది. "నన్ను పిలిచి మీల ఒకల పేరు చెప్పమన్నడు. చెప్పలే. కని అప్పట్నుంచి మీ అందరి మీద అనుమానమే వెట్టుకున్న" అంది. ఆమె ఏడవడం అప్పుడే మొదటిసారి చూశాను.

అందరం కాస్త తేలికపడుతుండగా కిటికీ దగ్గరి ఆమె బిగ్గరగా ఏడ్చింది. బీడీలు ఏరే ముసలాయన పేరు చెప్పింది ఆమే. తమ్ముడు షెడ్డులో పనిచేస్తున్నాడు, వాడిని తీసేస్తానంటే భయపడి, ఎవరో ఒకరి పేరు కావాలి కదా అని నోటికొచ్చిన పేరు చెప్పింది. "ఆయన గేటు కాడనే ఆగిపోతడని నాకెర్కలేదు" అని నేల మీద చేతులు కొట్టుకుంది. కొందరు ఆమె వైపు లేవబోయారు. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది. "పని చెయ్యుండ్రి, జిగురు ఎండిపోతున్నది" అంది.

మేనేజరు గదికి ఒక్కదాన్నే వెళ్లాను. "ఎవల పేరు చెప్పను సారు. మీరడిగింది హాల్ల అందరికి చెప్పిన" అన్నాను. ఆయన "మంచిది, వెళ్లండి" అన్నాడు. తిట్టి ఉంటే ఆ రోజు ఇంట్లో కాస్త అన్నమైనా దిగేది.

మర్నాడు గుంపులో నేను ముందు నిలబడ్డాను. చెయ్యి నాకు అడ్డం పడుతుందని తెలుసు. పడలేదు. దాటాను. వెనక్కి చూస్తే జవాను చెయ్యి నా భర్త ఛాతీ మీద ఉంది.

అతను నా వైపే చూస్తున్నాడు. నేను బయటికి వచ్చి అతని పక్కన నిలబడ్డాను. నా వెనుక పెద్దక్క వచ్చింది. ఆ తర్వాత హాలంతా వచ్చి రోడ్డు పక్క కూర్చుంది. అప్పటికే లోపలికి పోయిన బట్టీల గదివాళ్లు బీడీల కింద బొగ్గులు రాజేసి, అలాగే వదిలి బయటికి వచ్చారు. షెడ్లవాళ్లు లోపలికి పోలేక, బయట ఉండలేక గేటులోనే ఇరుక్కుపోయారు. ధైర్యంతో కూర్చున్నామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా పక్క పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పోలీసులు వస్తారని ఎవరో అన్నారు. అందరినీ తీసేసి శివ్వంపేట వైపు నుంచి కొత్తవాళ్లను తెస్తారని ఇంకెవరో అన్నారు. అయినా ఎవరూ లేవలేదు. లేస్తే ఒంటరిగా లేవాలి, దానికి ఇంకా భయం.

బట్టీలో బీడీలు మాడుతున్న వాసన వచ్చాక మేనేజరు మెట్ల మీద కనిపించాడు. మమ్మల్ని చూశాడు, పొగ వైపు చూశాడు. లోపలికి వెళ్లాడు. కాసేపటికి జవానుకు కబురు వచ్చింది. వాడు చెయ్యి దించి స్టూలు మీద కూలబడి, "పోండ్రి, అందరు పోండ్రి" అన్నాడు. వాడి చొక్కా చెమటకు తడిసిపోయింది.

నా భర్త లోపలికి వెళ్తూ పెద్దక్క ముందు ఆగాడు. ఏదో అనబోయాడు. ఆమె "బట్టీ చూడు తమ్మీ" అని పంపేసింది. ఆమె పేరే చెప్పమని తను నాకు చెప్పిన సంగతి ఆమెకు తెలియదు. నేను ఎన్నడూ చెప్పలేదు. అతను మాత్రం చాలాకాలం ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

ముసలాయనను మళ్లీ పనిలోకి తీసుకోమని అడిగాం, తీసుకోలేదు. కిటికీ దగ్గరి ఆమెను పెద్దక్క, నేను ఆయన ఇంటికి తీసుకెళ్లాం. ఆమె చెప్పుకుంటుంటే ఆయన తల వంచుకుని విన్నాడు. "నీ తమ్మునికి పని ఉన్నదా?" అని అడిగాడు. ఉందంది. "మంచిది" అన్నాడు. ఆయన భార్య మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది. మాకు మంచినీళ్లు ఇవ్వలేదు.

తర్వాత గేటు దగ్గర ఎవరినీ ఆపలేదు. హాల్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి, కానీ తలుపు వైపు చూసే అలవాటు ఎవరికీ పోలేదు. మరుసటి వానల నాటికి షెడ్లే మూసేశారు. బీడీ కార్మికులకు కొత్త చట్టం వస్తుందని, దాన్నుంచి తప్పించుకోవడానికే బీడీ ఆకు, పొగాకు ఇళ్లకు పంచి కాంట్రాక్టర్ల చేత చుట్టిస్తున్నారని అన్నారు. పెద్దక్క ఇంటి దగ్గరే బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంది. నా భర్త తూప్రాన్‌లో ఒక రైస్ మిల్లుకు పోయి, ఆ పని కూడా నేర్చుకున్నాడు. నేను మిషన్ బడిలో ఆయాగా చేరాను.

బడిలో చేరిన కొత్తలో ఒక రోజు పెద్ద టీచరమ్మ నన్ను తన గదికి పిలిచింది. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. ఏం అడుగుతుందో, ఎవరి పేరు అడుగుతుందో అనుకుంటూ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

"ఎందుకమ్మా గట్ల వణుకుతున్నవ్? జ్వరమొచ్చిందా?" అంది ఆమె. "చిన్న పిల్లల క్లాసుకు టీచరు లేదు. నీకు చదువొచ్చు కదా, వాళ్లకు అక్షరాలు దిద్దిస్తవా అని పిలిచిన."

దిద్దిస్తానన్నాను. ఆమె కుర్చీ జరిపింది. మేనేజరు గదిలో కూర్చోనిదాన్ని, ఈసారి కూర్చున్నాను.