వెంచర్ల శవాసనం

మా ఆయనకు కంటి మీద కునుకు లేక అప్పటికి ఎనిమిది నెలలు. నాచారంల ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతబడ్డ సంది గట్లనే. మంచంల ఒరుగుతడు గానీ రెప్ప వెయ్యడు. ఏఎస్ రావు నగర్ల డాక్టర్ గోలీలు రాస్తే, తల తిరుగుతుందని నాలుగు దినాలకే ఇసిరి పారేసిండు. మనిషి ఎండి పుల్లయిండు. నిద్ర లేని మనిషి ఎన్నాళ్ళు బతుకుతడు? నాకు గదే బుగులు.

గసొంటప్పుడు ఉప్పల్ చౌరస్తాల కూరగాయలు కొంటుంటే ఒక పిల్ల నా చేతుల కాగితం పెట్టింది. ప్రకృతి ఒడిలో యోగా, ఆదివారం పొద్దున, బస్సు ఫ్రీ, టిఫిన్ ఫ్రీ. బస్సూ టిఫినూ ఫ్రీ అంటే ఎవరో ప్లాట్లు అమ్ముతున్నరని మా బస్తీల చిన్న పోరలకు గూడ ఎరుకే. నాకూ ఎరుకే. అయినా ఇద్దరి పేర్లు రాయించిన. కొనే మొఖాలేనా మావి? గాలన్న తగులుతది కదా అనుకున్న.

నారపల్లి దాటినంక ఉంది ఆ ప్లాట్ల వెంచర్. పొలమంతా చదును చేసి హద్దురాళ్ళు పాతిన్రు గానీ, ఒక మూలకు పదో పదిహేనో వేపచెట్లు ఇంకా కొట్టలే. వాటి కింద చాపలు పరిసిన్రు. యోగా మేడం కాకినాడ దిక్కు మనిషి, మాట మెత్తగుంటది. కాళ్ళు చాపి ముందుకు వంగమంటే నా చేతులు మోకాళ్ళ కాడనే ఆగిపోయినయి. పక్కన ఐటీ పిల్లలు ముసిముసిగ నవ్విన్రు. నవ్వుకోన్రి, మీకూ వస్తది నా వయసు!

ఆఖరుకు శవాసనం. "కళ్ళు మూసుకోండి. భారమంతా నేల మీద వదిలేయండి," అన్నది మేడం. నేను ఒక కన్ను తెరిసి పక్కకు చూసిన. మా ఆయన కండ్లు మూసిండు. నోరు జర తెరుసుకుంది. ఛాతీ మెల్లగ లేస్తుంది, దిగుతుంది. అందరినీ లేపుకుంట మేడం ఆయన దగ్గరికొస్తే చెయ్యి అడ్డం పెట్టిన. "మేడం, నీ కాళ్ళు మొక్కుత, లేపకు!" అందరూ ఇడ్లీలకు పోయిన్రు. నేను కొంగుతోని ఈగలు కొట్టుకుంట కూసున్న. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

గట్ల ఆరు ఆదివారాలు పోయినం. ప్రతిసారి గంట సేపు పండుకునేటోడు. టిఫిన్ అయినంక సేల్స్ ఆమె నన్ను పట్టుకునేది. "అక్కా, ఏ ప్లాట్ అనుకున్నరు? తూర్పు ఫేసింగా?" నేను అబద్ధాలకు దిగిన. మా మరిది వచ్చి చూడాలె అన్న. మరుసటి వారం మరిది ఊళ్ళె లేడు. ఆ పై వారం, ఆషాఢంల కొనొద్దని మరిది అన్నడు. అసలు నాకు మరిదే లేడు.

ఏడో ఆదివారం బస్సు రాలే. ఫోన్ చేస్తే, ప్లాట్లన్నీ అమ్ముడైనయి అక్కా, క్యాంపు బంద్ అన్నది సేల్స్ ఆమె. నేను ఊకుంటనా! చాప చంకల పెట్టుకొని ఆయనను సిటీ బస్సెక్కించి తీస్కపోయిన. వేపచెట్లు లేవు. మొదళ్ళు గూడ పెరికి మట్టి కప్పిన్రు. మిట్టమధ్యాహ్నం దాకా గా ఎండలనే నిలబడి, ఇంటికొచ్చినం.

మర్నాడు పొద్దున మా కిరాయింటి డాబా మీద, నీళ్ళ ట్యాంకుల నడుమ చాప పరిసిన. తులసి కుండీ, కరివేపాకు కుండీ మోసుకొచ్చి ఆయన తల దగ్గర పెట్టిన. మేడం లెక్క మెత్తగ చెప్పబోయిన గానీ ఆ మాట నా నోట్లె తిరగలే. ఆయన కండ్లు తెరిసి ఆకాశం దిక్కు చూసుకుంట పన్నడు. నాకు ఒళ్ళు మండింది.

"అక్కడ గంట గంట నిద్రపోతివి! ఇక్కడ ఏమొచ్చింది నీకు? నా మీద పగనా?"

"అక్కడ గూడ నాకు నిద్ర రాలేదే," అన్నడు.

"మరి?"

"మొదటి దినం నువ్వు ఆ మేడం కాళ్ళు మొక్కుత అన్నవు. అది విన్నంక ఎట్ల లేవాలె? నీ పానం ఉసూరుమంటదని కదలకుండ పన్న. ఇగ ప్రతి వారం గంతే."

ఆయన మల్ల మెల్లగ అన్నడు: "ఇప్పుడు గట్ల పండే ఓపిక గూడ లేదే నాకు."

నేనూ పోయి ఆ చాప మీదనే, ఆయన పక్కన ఒరిగిన. ఇంకేం చెయ్యాల్నో నాకు తెల్వలే.