ఫోటో వెనక కోసిన రసీదు

2022లో జరిగిందిది. ఇస్నాపూర్‌లో మాది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. మా ఆయన పోయిన నాటి నుంచి నేనే నడుపుతున్నాను. చదివింది మూడో తరగతి. కొలతలు రాసుకోవడానికి అది సరిపోయింది.

ఫ్రేములో ముందు అద్దం, దాని వెనక ఫోటో, ఫోటో వెనక ‘బ్యాకింగ్’ ఉంటాయి. బ్యాకింగ్ అంటే ఫోటో కదలకుండా, తేమ తగలకుండా పెట్టే అట్ట. మందం అట్టకు ఖర్చెక్కువ. పల్చటి అట్ట పెట్టి, మధ్యలో పాత కాగితాలు నాలుగు వేస్తే అదే పని అవుతుంది. ఆ కాగితాలు పటాన్‌చెరు కబాడీ దుకాణంలో కిలోల్లో కొనేదాన్ని. దళసరిగా ఉన్నాయా, చెదలు పట్టాయా అని చూసేదాన్ని తప్ప వాటి మీద ఏం రాసి ఉందో ఎన్నడూ చూడలేదు.

ఆ వానాకాలం స్రవంతి అనే పిల్ల వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వెనకట హైదరాబాద్‌లో బొమ్మలు ఎవరు వేశారు, ఏ దుకాణం కొన్నది, ఎవరికి అమ్మింది అన్నదే ఆమె చదువు. బొమ్మ చేతులు మారిన దారిని ‘ప్రావినెన్స్’ అంటారట. దీనికీ ఒక చదువుందా అని నోరు తెరిచాను. మూతపడిన ఒక బొమ్మల దుకాణం కాగితాలు కబాడీకి పోయాయని, వాటిలో రెండు సంచులు నేను కొన్నానని కనుక్కుని వచ్చింది.

“ఆ సంచులు ఏడున్నయి అవ్వా?”

“ఇంకేడియి బిడ్డా. రెండేండ్లాయె. దేవుళ్ల వెనక కొన్ని, పోయినోళ్ల వెనక కొన్ని పెట్టేసిన.”

పిల్ల స్టూలు మీద కూలబడింది. తర్వాత ఖాజా మియా సంగతి చెప్పింది. సంగారెడ్డిలో ఉంటాడు. ఎనభై దాటాయి, చూపు మందగించింది. వయసులో ఉన్నప్పుడు ఆ దుకాణానికి బొమ్మలు వేసిచ్చాడు. అందులో ఒకటి, బోనం ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మ, ఒక పేరున్న చిత్రకారుడి పేరు మీద అమ్ముడై ఎవరో పెద్దవాళ్ల గోడకు వేలాడుతోంది. అది నాదని ఈయన అంటే, అసలు ఈయనెవరో మాకు తెలియదని దుకాణం వారసులు అన్నారట. ఆ బొమ్మకు డబ్బు తీసుకున్నట్టు ఆయన సంతకం పెట్టిన రసీదు దొరికితే తప్ప ఆయన మాట నిలవదు.

నేనే వెతికిపెడతానన్నాను. ఏ ఫ్రేము ఏ నెలలో ఏ ఊరికి పోయిందో కొలతల పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ లెక్కన ఏ ఇంటికి పోవాలో గుర్తు చేసుకుని ఇద్దరం తిరిగాం. పూజలో ఉన్న పటం విప్పనియ్యం అన్నారు కొందరు. కొత్త అద్దం ఉత్తగానే వేసిస్తానన్నాను. నేను ఆ మాట అన్నానంటే నమ్మలేక ఒకామె రెండుసార్లు అడిగింది. ఏడిళ్లలో ఉత్తరాలు దొరికాయి, రసీదు దొరకలేదు.

ఎనిమిదోది భానూర్‌లో బాలమణి ఇల్లు. ఆమె భర్త ఫోటో. ఫ్రేము విప్పాలంటే బోర్లా వేయాలి.

“పోయిన మనిషిని బోర్లేస్తనంటవా? మీ ఆయననైతే వేస్తవా?” అంది.

నన్ను అడిగినా నేనూ అదే మాట అనేదాన్ని. ఫోటోను ఒళ్లో నిలబెట్టి పట్టుకోమని, వెనక కూర్చుని ఒక్కో మొల పీకాను.

“జెర మెల్లగ. ఆయనకు కోపమెక్కువ” అంది బాలమణి.

రెండో కాగితం బయటికి తీయగానే స్రవంతి అందుకుంది. దుకాణం ముద్ర ఉంది. ఉర్దూలో సంతకం ఉంది. ‘నూనె రంగుల బొమ్మ ఒకటి’ అని ఇంగ్లీషులో ఉందని చదివి చెప్పింది. ఏ బొమ్మో రాసిన పైభాగం మాత్రం లేదు. ఫ్రేముకు కాగితం పొడుగైందని నేనే కత్తిరించాను.

“కోసిన ముక్క ఏమైందవ్వా?”

“కాలవెట్టిన.”

మైదా జిగురు కాచేటప్పుడు కత్తిరింపులన్నీ పొయ్యిలో పెడతాను. ఒక్క ముక్క కూడా వృథా పోనియ్యనని నలుగురికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ సగం కాగితం పట్టుకుని సంగారెడ్డి పోయాం. ఖాజా మియా దాన్ని కంటికి ఆనించుకుని సంతకం వెతికాడు. “నా దస్తఖతే” అన్నాడు. తర్వాత పై అంచు మీద బొటనవేలు జరిపాడు.

“ఎవరు కోసిండ్రు?”

“నేనే, ఖాజా భాయ్.”

మళ్లీ ఒకసారి వేలు జరిపాడు. “సక్కగ కోసినవ్ చెల్లె. ఏడా వంకర పోలే.”

తిట్టినా బాగుండేది.

ఆయనెవరో తెలియదన్న వారసుల మాట అబద్ధమని ఆ సగం రసీదుతో తేలింది. స్రవంతి తన పరిశోధనలో ఆయన పేరు రాసింది. బోనం బొమ్మ ఆయనదేనని మాత్రం రాయలేకపోయింది. ఆ బొమ్మ కింద ఇప్పటికీ వేరే పేరే ఉంది.

ఇప్పుడు కొత్త అట్టే కొంటున్నాను. పాత కాగితం చేతికొస్తే కత్తెరను పక్కన పెడతాను. నాకు అంత చదువు రాదన్నది నిజమే. కానీ బడికి పోయేవాళ్లు, ఫ్యాక్టరీకి పోయేవాళ్లు రోజూ నా దుకాణం ముందు నుంచే నడుస్తారు. ఒక్కరిని ఆపి ఇదేందో చూసి చెప్పమని అడగడానికి చదువు అక్కర్లేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.