స్తంభం మొదట్లో కాఫీ డబ్బా

ఆ ఉదయం ఫుసాయేకు కోపం నషాళానికంటింది. కరెంటు స్తంభం మొదట్లో గంట కిందట తను పెట్టిన కాఫీ డబ్బా మళ్లీ మాయమైంది.

ఏడు వారాల కిందట అక్కడే లారీ గుద్ది ఆమె భర్త తోకుజి పోయాడు. ఆయనకు పూలు పడేవి కావు, తుమ్ములు. అందుకే ఆమె పూలు పెట్టదు. తన కుట్టుపని షాపు గోడకు ఆనించిన డ్రింకుల మిషన్లోంచి ఆయన తాగే తీపి కాఫీని రోజూ వేడివేడిగా కొని, మూత తీసి మరీ పెడుతుంది. తీయకపోతే ఆయన ఎలా తాగుతాడు? పోయినవాళ్లు నలభైతొమ్మిది రోజులు ఇక్కడే ఉంటారని బౌద్ధుల నమ్మకం. ఇవాళ నలభైతొమ్మిదో రోజు. ఈ సాయంత్రంతో ఆయన ఈ లోకం విడిచి వెళ్లిపోతాడు. ఇన్ని రోజుల్లో ఏ ఒక్కనాడూ డబ్బా సాయంత్రం దాకా నిలవలేదు.

"టూరిస్టులే తాగేస్తున్నారు" అంది పక్క మంగలి షాపు ఓనుకితో.

"మూత తీసిన కాఫీ ఎవరు తాగుతారు వదినా?"

"వాళ్లు తాగుతారయ్యా. మిషన్ పక్కనే తొట్టి ఉన్నా ఖాళీ డబ్బాలు రోడ్డు మీద పడేసేవాళ్లకు సిగ్గేమిటి?"

ఆ డబ్బాల బాధ పడలేకే చలికాలంలో ఓనుకి చేత బొమ్మల బోర్డు రాయించి మిషన్‌కు తగిలించింది: ఖాళీ డబ్బాలు రోడ్డు మీద వదలొద్దు, తొట్టిలోనే వేయండి.

ఇంకో డబ్బా పెట్టి, కత్తెర చేతిలోనే పట్టుకుని షాపు గుమ్మం తెర వెనక కాపు కాసింది. పదింటికి వీపున సంచీతో ఒక విదేశీ పిల్ల మిషన్ ముందు ఆగింది. బోర్డు మీది బొమ్మలు చూసింది. అటూ ఇటూ చూసి, స్తంభం దగ్గరి డబ్బా తీసింది.

"దొరికావే" అంటూ ఫుసాయే బయటికి దూకింది.

ఆ పిల్ల తాగలేదు. కాఫీని కాలవలో ఒంపి, డబ్బా దులిపి, తొట్టి కన్నంలో వేసింది. బోర్డు చూపించి, మెప్పు కోసం ఎదురుచూస్తూ వంగి దండం పెట్టింది.

ఫుసాయేకు ఒళ్లు మండిపోయింది. తిడదామంటే ఎదురుగా తన బోర్డే ఉంది. దాన్ని పీకి నేలకేసి కొట్టింది.

ఓనుకి పరుగెత్తుకొచ్చి, స్తంభం వైపు తిరిగి చేతులు జోడించి చూపించాడు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. గబగబా మిషన్ దగ్గరికి వెళ్లి, అదే బొమ్మ ఉన్న డబ్బా కొని, రెండు చేతులతో ఫుసాయేకు అందించింది.

డబ్బా మంచుగడ్డలా ఉంది.

"మిషన్ మీద ఎర్ర పట్టీ ఉంటే వేడిది, నీలం పట్టీ ఉంటే చల్లది. ఆ మాత్రం చూసుకోవద్దటే? ఆయన జన్మలో చల్లటి కాఫీ ముట్టలేదు."

"వేడిది ఇంకోటి నేను కొంటాలే వదినా."

"నువ్వు నోర్మూసుకో. ఇది ఆ పిల్ల ఆయనకిచ్చింది."

స్వెటరెత్తి, డబ్బాను కడుపుకు అదుముకుని స్తంభం మొదట్లో చతికిలబడింది. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నా తిట్లు ఆపలేదు. తిడుతూనే పక్కన నేల చరిచి, ఆ పిల్లను కూర్చోమంది.

"వెచ్చబడ్డాక మూత తీస్తా. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా. ఎవడు తీస్తాడో చూస్తా."