తెర వెనక ఆయనగారు

మా నాన్నది భీమవరం దగ్గర స్టీలు సామాన్ల కొట్టు. చెరువుల్లో రొయ్యలకు జబ్బు చేసిన ఏడాది మా కొట్లో బిందెలకు కూడా నీరసం వచ్చింది. చెరువు పోయినవాళ్ళు కొత్త గిన్నె కొనరు, ఉన్న సత్తుగిన్నెకే మాటు వేయించుకుంటారు. నాన్న గుమస్తాను మానిపించి, సామాను మోపెడ్ మీద కట్టుకుని సంతలు తిరగడం మొదలుపెట్టాడు. కొట్లో అమ్మ కూర్చుంది.

“రొయ్యలు కోలుకునేదాకానే,” అన్నాడు నాన్న, ఎవరో అడిగినట్టు.

అంతకుముందు రోజూ మధ్యాహ్నం అమ్మకు తలనొప్పి వచ్చేది. తలకు గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. కొట్టుకొచ్చిన వారానికే ఆ గుడ్డ బిందెలు తుడవడానికి దిగింది. “మళ్ళీ ఇంట్లో కూర్చోమంటే నావల్ల కాదే,” అంది నాతో మాత్రమే.

కానీ వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. “ఆయన లేరాండీ?” లేరంటే, “అయితే మళ్ళీ వస్తాం లెండి,” అని వెళ్ళిపోయేవారు. ఆడమనిషి చెప్పిన ధర అసలు ధర కాదని వాళ్ళ నమ్మకం.

నాలుగోరోజు అమ్మకు దారి దొరికింది. “ఉండండి, ఆయన్ని అడిగి చెప్తాను,” అని కొట్టు వెనకగదికి అడ్డంగా కట్టిన తెర వెనక్కి వచ్చింది. తెర వెనక హోంవర్కు చేసుకుంటూ నేను తప్ప ఎవరూ లేరు. అమ్మ అర గ్లాసు నీళ్ళు తాగి, క్యాలెండరు చూసి, నిట్టూరుస్తూ బయటికి వెళ్ళింది. “ఒప్పుకోలేదండి. పైగా నన్నే కసిరారు.”

“పోన్లెండి పాపం,” అని వాళ్ళు అమ్మ చెప్పిన ధరకే కొనుక్కున్నారు. అసలు నాన్నను ‘బాబాయిగారూ’ అని పిలిస్తే చాలు, పది రూపాయలు తగ్గించేవాడు. తెర వెనక ఆయనగారు మాత్రం మహా గట్టి మనిషి.

ఆ రోజుల్లో బేరాల్లో నన్ను మించినవాళ్ళు లేరని నా అభిప్రాయం. జామకాయల బండివాడు నన్ను చూసి దారి మార్చుకునేవాడు. దాన్ని గౌరవం అనుకునేదాన్ని. ఆ గర్వంతోనే ఒకరోజు కొంప ముంచాను.

ఒకావిడ క్యారేజీ బేరం చేస్తోంది. “మా ఆయన సెంటర్లో ఉన్నారు, అడిగొస్తా,” అని వెళ్ళి వచ్చింది. “ఆ రేటుకి వద్దన్నారు వదినగారూ.” అమ్మ కూడా తెర వెనక్కి వచ్చి వెళ్ళింది. “మావారూ కుదరదన్నారు వదినగారూ.”

బేరం చెడేట్టుందని నేను తెరలోంచి తల బయటపెట్టాను. “నాన్నగారు సంత నుంచి రాగానే మీరే అడగండి! ఇంతకంటే పైసా తగ్గించరు!”

ఆవిడ తెరను చూసింది, నన్ను చూసింది, అమ్మను చూసింది. నాకు అప్పుడు వెలిగింది. అమ్మ ముఖం ఎర్రబడింది.

ఆవిడ ఫక్కున నవ్వింది. “మా ఆయన పొగాకు పనికని జంగారెడ్డిగూడెం పోయి నెల్లాళ్ళయిందండీ. నేను కిళ్ళీకొట్టు దాకా వెళ్ళి సోడా తాగొచ్చాను.”

ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. లేని మొగుళ్ళిద్దరూ పక్కకు తప్పుకోగానే నిమిషంలో బేరం తెగింది.

ఏడాది తిరిగేసరికి చెరువులు తేరుకున్నాయి. నాన్న నడుం పట్టుకుని మోపెడ్ దిగి, “గుమస్తాకి కబురు పెట్టానే. రేపట్నించి నువ్వు ఇంటిపట్టున సుఖంగా ఉండు,” అన్నాడు.

తుడుస్తున్న బిందె అమ్మ చేతిలో ఆగింది.

“ఉండండి. అడిగి చెప్తాను,” అని తెర వెనక్కి వెళ్ళింది.

“లోపలెవరున్నారే?” అన్నాడు నాన్న నాతో. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను. లోపల గ్లాసు చప్పుడైంది. అమ్మ వచ్చి స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

“ఒప్పుకోలేదండి.”

నాన్న కాసేపు తెరవైపు, కాసేపు అమ్మవైపు చూశాడు. సంతల్లో ఏడాది తిరిగిన మనిషి, అర్థం కాకుండా ఉంటుందా?

“పోనీ, పొద్దునపూటన్నా నాకు వదులుతారేమో అడుగు,” అన్నాడు.

“అడిగి చూస్తాను లెండి,” అంటూ అమ్మ మళ్ళీ లేచింది. నాన్న కౌంటరుకు ఇవతల, కొనడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.