నా కంప్యూటర్‌లో పాసైన టెస్టు

ఈ రోజు బోరిగుమ్మలో ఒక ఆఫీసువాళ్ళకు మా జనన ధ్రువపత్రాల ప్రోగ్రామ్ చూపించాం. రాయగడలోని మా ఆఫీసులో టెస్టులన్నీ పాసైన ప్రోగ్రామ్ అక్కడ పిల్లల పేర్లన్నీ ఖాళీగా ముద్రించింది. ఒడియా ఫాంటు ఎక్కడుందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే సెట్టింగును నా కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేశారు. టెస్టులు దాని మీద ఆధారపడే పాసయ్యాయి. అక్కడి కంప్యూటర్‌లో అది లేదు.

టెస్టుకు ముందు అలాంటివన్నీ తీసేద్దామని నెల క్రితమే మా మేనేజరుకు చెప్పాను. టైం లేదన్నారు. ఇవాళ అందరి ముందూ నన్నే అడిగారు.

"ఏటమ్మీ, ముందే సూసుకోవక్కర్లేదా?"

"అప్పుడే సెప్పేను కదండీ."

ఆయన ఆఫీసువాళ్ళ వైపు తిరిగి, "కొత్త పిల్లండి, ఏటీ అనుకోకండి" అన్నారు.

ఈ కంపెనీలో నాకిది ఆరో ఏడు. మీ ఆఫీసుల్లో మనిషి ఎన్నేళ్ళకు పాతబడతారో కాస్త చెప్పండి.